చొక్కా కింద పెట్టె

ముందు భుజాలు. తర్వాత చంకలు, పక్కటెముకలు, నడుము చుట్టూ ఒక చుట్టు, జేబులు. చివరికి వంగి రెండు చీలమండలు. మనిషికి ఆరు సెకన్లు. ఇరవై ఆరేళ్ళుగా అతని చేతులు ఈ దారి తప్పలేదు.

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర మగవాళ్ళ వరసలో నిలబడడం అతని పని. పొద్దున లోపలికి వచ్చేవాళ్ళ దగ్గర అగ్గిపెట్టెలు వెతకాలి. సాయంత్రం బయటికి పోయేవాళ్ళ దగ్గర గుడ్డముక్కలు, జిప్పులు, దారపు కండెలు వెతకాలి. అతని పేరు గుర్తింపు కార్డు మీద ఉంది గానీ గేటు దగ్గర దాన్ని వాడినవాళ్ళు లేరు. అందరికీ తడుముడు బాబాయే.

"మా ఆవిడ కూడా నన్నింత శ్రద్ధగా చూడదు బాబాయ్" అన్నాడు ఇస్త్రీ సెక్షన్ పొడుగువాడు, రెండు చేతులూ పైకెత్తి. ఏదో ఒకటి అనకుండా వాడు గేటు దాటడు.

"నోరు ముయ్యి. నడు."

పొడుగువాడు నవ్వుకుంటూ పోయాడు. బాబాయి వాడి వీపు మలుపు తిరిగేదాకా చూశాడు. నవ్వేవాణ్ణి అతను నమ్మడు. నవ్వనివాణ్ణి అసలే నమ్మడు. నమస్కారం ముందుగా పెట్టేవాడి దగ్గర ఏదో ఉంటుంది. అస్సలు పెట్టనివాడి దగ్గర ఇంకా పెద్దది ఉంటుంది. ఇంట్లో పాలు పొంగినా, ఎవరు చూడకపోతే పొంగాయో తేలేదాకా అతనికి ముద్ద దిగదు.

అలాంటి మనిషి చొక్కా కిందే ఆ పొద్దున ఒక వస్తువు ఉంది.

అరచేతిలో సగం ఉండే బూడిదరంగు పెట్టె. బొడ్డుకి జానెడు పైన పట్టీతో బిగించారు. దాన్నుంచి అయిదు సన్నని వైర్లు పైకి పాకి, ఛాతీ మీద అతికించిన గుండ్రటి బిళ్ళలకు టిచ్ బటన్లతో తగులుకున్నాయి. నిన్న సాయంత్రం ఆరింటికి ఆసుపత్రిలో వేశారు. ఇవాళ సాయంత్రం దాకా ఉంచాలి. లోపల రెండు బనియన్లు తొడిగి, పైన వదులు చొక్కా వేసుకున్నాడు. అయినా వంగినప్పుడల్లా పెట్టె అంచు కడుపులో గుచ్చుకుంటూనే ఉంది. ఎవరైనా చూశారేమోనని ఒకటికి నాలుగుసార్లు పక్కకి చూశాడు.

పక్క వరసలో, అందరూ మీసాలు అని పిలిచే రెండో తడుముడు మనిషి ఉన్నాడు. పదేళ్ళు చిన్నవాడు, తొమ్మిదేళ్ళుగా జోడీ. మీసాలు కూడా ఇటే చూస్తున్నాడు.

"ఏంటన్నా, ఇవాళ లావెక్కావు?"

"చలి."

"చలా?" మీసాలు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సరేలే" అన్నాడు.

ఆ సరేలే బాబాయికి నచ్చలేదు. సరేలే అనేవాడు సరే అనుకోలేదని అర్థం. వీడి కన్ను తన కుర్చీ మీద ఉందని అతని అనుమానం. వీడు తనకి టీ తెచ్చిచ్చిన ప్రతిసారీ ఆ అనుమానం ఇంకో వేలెడు పెరిగింది.

గుండె సంగతి రెండు నెలల కిందట మొదలైంది. నడుస్తూ నడుస్తూ మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు, ఛాతీలో ఒక దెబ్బ తప్పిపోయేది. తర్వాతిది తలుపు మీద గుద్దినట్టు పడేది. ఒక్కోసారి అయిదారు దెబ్బలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, కళ్ళముందు చీకటి కమ్మి, అంతలోనే ఏమీ ఎరగనట్టు సర్దుకునేది. మొదట టీని అనుమానించాడు. తర్వాత క్యాంటీను నూనెని. తర్వాత కొత్త దిండుని. ఆఖరికి భార్య వంతు వచ్చింది.

"కూరలో ఏం కలుపుతున్నావే?"

"ప్రేమ. ముప్పై ఏళ్ళుగా అదే కలుపుతున్నా. ఇప్పుడు పడట్లేదా?"

అలా అన్న మనిషే మర్నాడు చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ రక్తం తీయించింది. థైరాయిడ్ బాగుందంది. గుండెకి స్కానింగ్ చేయించింది, కవాటాలు బాగున్నాయంది. పడుకోబెట్టి ఈసీజీ తీసింది. మిషన్లోంచి వచ్చిన కాగితం పొడుగునా గీతలు బడిపిల్లల వరసలా బుద్ధిగా ఉన్నాయి.

"అయితే ఏం లేదన్నమాట" అని చొక్కా అందుకున్నాడు.

"ఏం లేదని నేననలేదండీ. ఈ పది సెకన్లలో ఏం లేదన్నాను. మీ గుండె తడబడేది రోజులో ఎప్పుడో, నేను చూస్తున్నప్పుడు కాదు. కొందరికి అది ఉత్తి తడబాటే, వదిలేయొచ్చు. కొందరికి లోపల రక్తం గడ్డకట్టి మెదడుకి పోతుంది. కొందరికి గుండే ఆగిపోవచ్చు. మీది ఏ రకమో, తడబడుతున్నప్పుడు పట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే రోజంతా పెట్టె."

ఇది అతనికి వెంటనే అర్థమైంది. సోదా ఉందని తెలిసిన రోజు దొంగ ఏమీ తియ్యడు. ఎప్పుడొస్తారో తెలియకుండా రావాలి. మొదటిసారి డాక్టరమ్మ మీద అతనికి కొంత గౌరవం కలిగింది.

"ఒక్క నిమిషం కూడా తియ్యకూడదు" అందావిడ. "స్నానం వద్దు. ఏమైనా అనిపిస్తే పెట్టె మీద బొత్తాం నొక్కండి, ఈ కాగితం మీద టైము రాయండి. ఎక్కువసేపు ఉండి కళ్ళు తిరిగితే మాత్రం కాగితం సంగతి తర్వాత, నేరుగా ఇక్కడికి వచ్చెయ్యండి."

ఆ రోజు భార్య అడిగింది: "ఫ్యాక్టరీలో చెప్పొచ్చు కదా?"

"చెప్తే?"

ఆవిడకీ తెలుసు. రెండేళ్ళ కిందట గేటు మనిషి ఒకడు ఎండలో సొమ్మసిల్లి పడ్డాడు. గేటు మీద ఉండేవాడు గేటంత గట్టిగా ఉండాలి అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు. వారం తిరక్కుండా ఆ కుర్చీలో వేరేవాడు కూచున్నాడు.

కానీ భార్యకి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది.

పదకొండేళ్ళ కిందట, కటింగ్ సెక్షన్ పెద్దమనిషి ఒకాయన నడుం దగ్గర అతని చెయ్యి ఆగింది. చొక్కా కింద గట్టిగా, మందంగా ఏదో తగిలింది. "నడుంనొప్పికి డాక్టరు ఇచ్చిన బెల్టు నాయనా" అన్నాడాయన. అందరూ డాక్టరు పేరే చెబుతారు. చొక్కా విప్పమన్నాడు. పక్కగదిలో విప్పుతానన్నాడాయన. పక్కగది అనేసరికి అనుమానం గట్టిపడింది. రెండు వందలమంది చూస్తుండగా అక్కడే విప్పించాడు. బెల్టు ఊడదీయించాడు. బెల్టు కింద ఏమీ లేదు. ముసలి కడుపు మీద ఎర్రటి చారలు ఉన్నాయి. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

జనం గొడవ చేశారు. మమ్మల్ని తడుముతారు సరే, వీళ్ళని తడిమేదెవరు అన్నారు. అప్పుడు తొలి సోదా అని ఒక పద్ధతి పెట్టారు. సాయంత్రం వరసలు వదలడానికి ముందు, అందరూ చూస్తుండగా తడిమేవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తడుముకోవాలి. ఆ పద్ధతి ఆఫీసుకి చెప్పి పెట్టించింది బాబాయే. తప్పు ఒప్పుకోవడం చేతకాని మనిషి అంతకన్న చెయ్యలేకపోయాడు.

ఇవాళ ఐదూ ఇరవైకి ఆ తొలి సోదా ఉంది. పొద్దున్నుంచి అతని కడుపులో పెట్టె కన్నా ఎక్కువగా గుచ్చుకుంటున్నది అదే. డాక్టరు పెట్టిన పెట్టె అని చెప్పొచ్చు. ఆ మాట చెప్పే హక్కు తనకి ఉందా అన్నదే సందేహం.

మధ్యాహ్నం దాకా గుండె బుద్ధిగా ఉంది. సరుకు లారీలు రెండు వచ్చాయి, వాటి కింద కర్రతో పొడిచి చూశాడు. భోజనం మూలకి తిరిగి తిన్నాడు. మణికట్టు మీద రెండు వేళ్ళు వేసి గేటు గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టుకున్నాడు. డెబ్భై నాలుగు. ఎక్కడా తప్పలేదు. ఇదీ దొంగే, అనుకున్నాడు. పెట్టె ఉందని దీనికి తెలిసిపోయింది.

నాలుగింటికి మీసాలు టీ తెచ్చాడు.

"వద్దు."

"నీకిష్టం కదన్నా."

"ఏం కలిపావు?"

మీసాలు గ్లాసు వంక చూసి, అతని వంక చూసి, ఆ టీ తనే తాగేశాడు. "పంచదార" అన్నాడు పెదవులు తుడుచుకుంటూ.

ఐదూ పదిహేనుకి బాబాయి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. చొక్కా విప్పి, బనియన్లు పైకెత్తి, అద్దంలో తన ఛాతీ చూసుకున్నాడు. తెల్లవెంట్రుకల మధ్య అయిదు బిళ్ళలు, అయిదు రంగుల వైర్లు. టిచ్ బటన్లు ఊడదీయడం ఇరవై ఆరేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో ఉన్నవాడికి ఒకరు నేర్పాలా! ఎర్రది కుడిభుజం కింద, నల్లది ఎడంభుజం కింద, అంటూ గోడకి చెప్పినట్టు చెప్పుకుని ఒక్కొక్కటే ఊడదీశాడు. పెట్టెని తువ్వాలులో చుట్టి నీళ్ళ తొట్టి వెనక్కి తోశాడు. బిళ్ళలు పలచన, చేతికి తగలవు. ఎంతసేపు, అరగంట. రోజంతా చూసినదానికి అరగంటలో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు.

తొలి సోదాకి నాలుగు వందలమంది వరసల్లో నిలబడ్డారు. మీసాలు ఎదురుగా వచ్చాడు. భుజాలు, చంకలు, పక్కటెముకలు. నడుం దగ్గరికి వచ్చేసరికి మీసాలు చేతులు ఒక క్షణం తేలిపోయాయి. తర్వాత మామూలుగా చుట్టూ తిరిగాయి. అతని మొహంలో ఏదో కదిలింది. ఏమీ దొరకలేదని దిగులు కాబోలు, అనుకున్నాడు బాబాయి. లోపల ఒక చిన్న గెలుపు తగిలింది.

వరసలు వదిలారు.

అరవయ్యో మనిషి దగ్గర కాబోలు, మొదటి దెబ్బ తప్పింది. చేతులు ఆగలేదు. ఇంకొకటి తప్పింది. ఆ తర్వాత, కింద గుడ్డ పెట్టకుండా పెడల్ తొక్కితే కుట్టుమిషను ఎలా ఉత్తిగా ఉరుకుతుందో అలా ఉరికింది ఛాతీలో. బొత్తాం నొక్కడానికి చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. అక్కడ బొత్తాం లేదు. గేటు దీపం రెండైంది. ఎదుటి మనిషి చొక్కా గళ్ళు ఒకదాన్లోకి ఒకటి జారిపోయాయి. భుజాలు. చంకలు. భుజాలు. ఇప్పుడు ఏది?

"చక్కిలిగింతలు పెడుతున్నావా బాబాయ్? చెయ్యి వణుకుతోంది" అంది ఎక్కడో పొడుగువాడి గొంతు.

"నడు."

"కాళ్ళు చూడలేదు."

"నడవమన్నానా!"

పొడుగువాడు రెండడుగులు వేసి ఆగి వెనక్కి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక మనిషి చీలమండలు తడమకుండా గేటు దాటాడు. వాడు నవ్వలేదు.

బాబాయి ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, రెండో చేత్తో పైపైన తడిమి పంపుతూ నిలబడ్డాడు. వీపంతా తడిసిపోయింది. ఇది పది నిమిషాలు ఉందో ఇరవై ఉందో తెలియదు. తర్వాత ఎవరో స్విచ్చి తీసినట్టు ఆగి, గుండె మళ్ళీ బడిపిల్లాడైపోయింది. ఆఖరి మనిషి దాటేసరికి ఆరుకి ఏడెనిమిది నిమిషాలు తక్కువ. బాత్రూంలో వైర్లు తగిలించాడు. ఎర్రది కుడి, నల్లది ఎడమ. వేళ్ళు తప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మే పెట్టె విప్పింది. ఒక బిళ్ళ అంచు లేచి ఉండడం చూసింది.

"మధ్యలో ఊడిందా?"

"లేదు."

"కాగితం ఖాళీగా ఉంది. ఏమీ అనిపించలేదా?"

ఆవిడ మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. చెబితే వెనక్కి అడుగుతుంది, ఆ టైముకి బొత్తాం ఎందుకు నొక్కలేదని. తీశానంటే, ఎందుకు తీశావంటుంది. ఈవిడ ఆఫీసుకి కాగితం రాస్తుందేమో. ఆఫీసరు ఈవిడకి తెలుసేమో. అన్నిటికీ మించి, మనసులో ఆ బెల్టు పెద్దమనిషి ముందు నిలబడాలి.

"లేదు" అన్నాడు.

"ఇప్పుడైతే బాగానే ఉంది" అందావిడ, చెయ్యి వదలకుండా. "మొహం పాలిపోయింది. కాసేపు ఇక్కడే పడుకుంటారా? ఇంకోసారి ఈసీజీ తీస్తాను."

"ఇంట్లో ఎదురుచూస్తారు."

ఇంటికి చేరేసరికి ఏడున్నర. స్నానం లేని ఒళ్ళు చిరచిరలాడుతోందని నీళ్ళు పెట్టమన్నాడు. వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో చొక్కా బొత్తాలు విప్పి కూచున్నాడు. బిళ్ళలు ఉన్నచోట అయిదు ఎర్రటి గుండ్రాలు మిగిలాయి. భార్య నూనెలో వేలు ముంచి వాటి మీద రాసింది.

"ఇవాళ వచ్చిందా అది?"

"లేదు."

"నా మొహం చూసి చెప్పండి."

చూశాడు. ఆవిడ కళ్ళలో అతనికి అనుమానం దొరకలేదు, భయం దొరికింది. చాలాసేపు చూశాడు.

"ముందు నీళ్ళు తోడు. చెప్తా."

ఆవిడ లేచి వెళ్ళింది. బకెట్లో చన్నీళ్ళు పోసి, వేణ్ణీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసి, ఇంకో చెంబు వేణ్ణీళ్ళు పోసింది. "రండి" అని కేకేసింది. "రండీ, చల్లారిపోతాయి." వచ్చి చూసింది. అతను అలాగే కూచుని ఉన్నాడు. తల కొంచెం ఎడమకి వాలింది. కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి, ఇంకా లెక్కపెడుతున్నట్టు.

జరగవలసినవన్నీ జరిగాక డాక్టరమ్మ కబురు పెట్టి ఆవిణ్ణి పిలిపించుకుంది. రిపోర్టు బల్ల మీద పరిచింది.

"రాత్రి కొన్ని అదనపు దెబ్బలు ఉన్నాయమ్మా. అవి పెద్ద సంగతి కాదు. మిగతా రోజంతా బాగుంది. ఒక్క ముప్పై ఎనిమిది నిమిషాలు మాత్రం పెట్టెలో ఏమీ లేదు. ఐదూ పదిహేడు నుంచి ఐదూ యాభై అయిదు దాకా. వైర్లు తీసినట్టుంది. అప్పుడేం జరిగిందో మీకేమైనా తెలుసా?"

"ఆ వేళకి గేటు దగ్గర ఉంటారు" అంది ఆవిడ. "వచ్చి ఏదో చెప్తానన్నారు."

పదిహేనో రోజు మీసాలు ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక సంచీ. కూచోమంటే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అన్న లాకరులో ఉన్న సామాను తెచ్చాననీ, దానికి కూడా గేట్‌పాస్ రాయించాల్సి వచ్చిందనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పాడు. గ్లాసు మంచినీళ్ళు తాగాడు. పోబోతూ గుమ్మంలో ఆగాడు.

"వదినా, ఒక మాట. ఆ రోజు అన్న చొక్కా కింద ఏదో ఉంది. పట్టీ అచ్చు వీపు మీద పొద్దున్నే కనబడింది నాకు."

ఆవిడ తలెత్తింది.

"అన్న దొంగ అని కాదు. అన్నని ఎవరనుకుంటారు అలా? ఏదో ఒంట్లో బాగాలేక కట్టుకున్నాడనుకున్నా. అడిగితే కొడతాడని అడగలేదు. తొలి సోదాలో అక్కడికొచ్చాక చెయ్యి పైపైన పోనిద్దామనుకున్నా, ఎవరికీ తెలియకుండా. పొద్దున్నుంచీ అదే అనుకుంటున్నా. తీరా చెయ్యి వేస్తే ఏమీ లేదు. నేనే పొరబడ్డాననుకున్నా."

"తొలి సోదా ఎన్నింటికి?"

"ఐదూ ఇరవైకి వదినా. ఎందుకు?"

"ఏం లేదు" అంది ఆవిడ. "ఆయన నీ మీద చాలా కోపంగా ఉండేవారు" అంది.

"నాకు తెలుసు" అన్నాడు మీసాలు. "టీ మాత్రం రోజూ తాగేవాడు. ఆ ఒక్కరోజే తాగలేదు."

అతను వెళ్ళాక ఆవిడ సంచీ విప్పింది. పైన గేట్‌పాస్, దాని మీద గుండ్రటి ముద్ర, 'బూట్లు, ఒక జత' అని రాసి కింద మీసాలు సంతకం. లోపల ఫ్యాక్టరీ ఇచ్చిన నల్లబూట్లు. ఆవిడ వాటిని ఎప్పుడూ చూడలేదు, భర్త వాటిని ఇంటికి తెచ్చినవాడు కాదు. గుమ్మం పక్కన పెట్టబోతూ ఒకదాన్ని తిరగేసింది. మడమలు కొత్తవాటిలాగే ఉన్నాయి. ముందుభాగం మాత్రం, ఒకేచోట నిలబడి మనిషి తర్వాత మనిషికి తిరిగి తిరిగి, రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా అరిగి, లోపలి గుడ్డ పోగులు కనబడుతున్నాయి.